సంచిలో పట్టే లోకాలు



లైబ్రరీ పిరియడ్ అయిపోగానే మీలో చాలామంది మా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్న "ఇప్పుడేం చదవమంటారు?" అని. ఈ మధ్య ఆ ప్రశ్నకు ఒక తోక కూడా చేరింది. "రోబోలున్నవి, వేరే గ్రహాల వాళ్లున్నవి, మంత్రాలూ మాయలూ ఉన్నవి చెప్పండి" అంటున్నారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఈసారి పత్రికలో ఒకచోట పెడుతున్నాం. ఇందులో తెలుగు పుస్తకాలున్నాయి. బెంగాలీ, మరాఠీ, తమిళ కథలున్నాయి. ఇంగ్లీషువీ ఉన్నాయి. ఆరో తరగతి వారికి పనికివచ్చేవి మొదలుకొని పన్నెండో తరగతి వారికి నచ్చేవి దాకా చెబుతాం.

అయితే పేర్లు చెప్పి ఊరుకుంటే సరిపోదు. మన బడి పిల్లల చదువుకు ఇతరులకు లేని చిక్కు ఒకటుంది. నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. లైబ్రరీ పుస్తకాలన్నీ తిరిగిచ్చి, 'నో డ్యూస్' సంతకం పెట్టించుకుంటేగాని టి.సి. చేతికి రాదు. సగం చదివిన పుస్తకం అక్కడే ఉండిపోతుంది. కొత్త ఊరి లైబ్రరీలో అది ఉంటుందన్న నమ్మకం లేదు. తెలుగు పుస్తకాల సంగతి ఇంకా కష్టం. తెలుగు రాష్ట్రాలు దాటితే బీరువా అడుగు అరలో నాలుగు కనిపించినా గొప్పే. ఇలా మూడు నాలుగు బదిలీలు అయ్యేసరికి మన పిల్లలకు తెలుగు మాట్లాడడం బాగానే వస్తుంది. చదవడం మాత్రం కూడబలుక్కునే దశలోనే ఆగిపోతుంది. మేము పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఇలాంటి పిల్లలను చూశాం. నాలుగు భాషల్లో గలగలా మాట్లాడతారు, అమ్మమ్మ రాసిన ఉత్తరం మాత్రం అమ్మ చదివి వినిపించాలి.

ఈ చిక్కును విప్పడానికి అద్భుత కథలూ వైజ్ఞానిక కథలూ బాగా ఉపయోగపడతాయని మా అనుభవం. ఎందుకో చెప్పే ముందు ఆ రెండు పేర్ల సంగతి చూద్దాం.

రెండు రకాలు, ఒక ప్రశ్న

సైన్స్ ఫిక్షన్‌ను తెలుగులో వైజ్ఞానిక కల్పన అంటారు. ఫాంటసీని అద్భుత కథ అనవచ్చు. మన పెద్దలు దాన్ని 'జానపదం' అనే పేరుతో చదివారు, సినిమాల్లో చూశారు.

రెండింటికీ తేడా తెలియాలంటే 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమాను గుర్తు తెచ్చుకోండి. అందులో 'ప్రియదర్శిని' అనే పెట్టె ఉంది. శశిరేఖ ఆ పెట్టె తెరవగానే ఎక్కడో ఉన్న అభిమన్యుడు కనిపిస్తాడు. ఎలా కనిపించాడని మనం అడగం. అది మాయ, అంతే. ఇక 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' చూడండి. అందులో కాలంలో ప్రయాణించే యంత్రం ఉంది. దాన్ని ఒక శాస్త్రవేత్త తయారుచేస్తాడు. అందులో ఎక్కినవాళ్లు 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళతారు, ఆ తర్వాత 2504కి వెళతారు. ఇక్కడ 'ఎలా?' అని అడగడానికి మనకు హక్కుంది. కథ ఏదో ఒక జవాబు చెప్పాలి కూడా. 'ఎలా?' అని అడగనక్కరలేని అద్భుతం ఫాంటసీ. అడిగి తీరవలసిన అద్భుతం సైన్స్ ఫిక్షన్. సరిహద్దు పోస్టులో ఉన్న నాన్న మీతో వీడియో కాల్‌లో మాట్లాడుతున్నారంటే, ఒకప్పటి ప్రియదర్శిని మొదటి వర్గం నుంచి రెండో వర్గాన్ని కూడా దాటి మన ఇంట్లోకి వచ్చేసిందన్నమాట.

'ఎలా' అని అడగకపోయినా ఫాంటసీకీ నియమాలుంటాయి. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో మంత్రం పనిచేయాలంటే ఆ వస్తువు అసలు పేరు తెలియాలి. పేరు తెలియకపోతే ఎంతటి మాంత్రికుడైనా ఏమీ చేయలేడు. గెడ్ అనే కుర్రవాడు తోటి విద్యార్థి ముందు గొప్ప చూపించుకోబోయి చేయరాని మంత్రం చేస్తాడు. దాని ఫలితం అతన్ని దీవి నుంచి దీవికి తరుముతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి ఇది మంచి పుస్తకం.

సైన్స్ ఫిక్షన్‌కు నియమాలు ప్రకృతి నుంచి వస్తాయి. దీనికి మన దేశంలోనే ఒక చక్కని ఉదాహరణ ఉంది. జగదీశ్ చంద్ర బోస్ పేరు మీరు సైన్సు పాఠాల్లో విన్నారు. రేడియో తరంగాల మీద, మొక్కల స్పందనల మీద ప్రయోగాలు చేసిన ఆయన 1896లో బెంగాలీలో ఒక కథ రాశారు. తర్వాత 1921లో దాన్ని పెంచి తిరిగి ప్రచురించారు. కలకత్తా మీదికి పెద్ద తుపాను వస్తోందని అందరూ భయపడుతుంటారు. చివరి ఘడియలో ఆ తుపాను మాయమైపోతుంది. వాతావరణ శాస్త్రవేత్తలకు కారణం అంతుపట్టదు. సముద్రంలో ఓడ మీద ప్రయాణిస్తున్న ఒక మనిషి, కూతురు తనకిచ్చిన తలనూనె సీసాను అలల మీద పోశాడన్నది అసలు సంగతి!

నవ్వొస్తోంది కదూ? కానీ అందులో నిజమైన సైన్సు ఉంది. నూనె నీటి మీద చాలా పలుచని పొరగా పరచుకుంటుంది. గాలికి నీటి మీద పట్టు దొరికేది చిన్న చిన్న అలల వల్లనే. ఆ అలలను నూనెపొర అణిచేస్తుంది. పూర్వం నావికులకు ఈ కిటుకు తెలుసు. అయితే తుపాను వందల కిలోమీటర్ల వెడల్పున ఉంటుంది. వేడెక్కిన సముద్రం నుంచి లేచే ఆవిరి దానికి బలం. ఒక సీసా నూనె దాన్ని ఆపలేదు. ఎక్కడి దాకా సైన్సు, ఎక్కడ నుంచి కల్పన అని గీత గీసి చూడడమే ఇలాంటి కథ చదవడంలో ఉన్న సరదా. కోస్తా జిల్లాల్లో బంధువులున్న పిల్లలకు, ఒడిశాలోనో బెంగాల్‌లోనో ఉండి వచ్చినవాళ్లకు తుపాను సైరన్ కొత్త కాదు. వాళ్లకు ఈ కథ ఇంకాస్త ఎక్కువ నచ్చుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ల కథలు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ రకం కథల్లో ఎక్కువ భాగం కొత్తచోటికి వచ్చిపడ్డవాళ్లవే. వాళ్లకు అక్కడి భాష రాదు, పద్ధతులు తెలియవు. ఎవరు మంచివాళ్లో ఎవరితో జాగ్రత్తగా ఉండాలో తెలియదు. చూసి, విని, ఒకటి రెండు దెబ్బలు తిని నేర్చుకుంటారు. ఈ పని మీకు పుస్తకం చూసి తెలుసుకోనక్కరలేదు. మూడో తరగతిలో ఒకసారి, ఆరో తరగతిలో ఒకసారి, ఎనిమిదిలో మరోసారి చేసే ఉన్నారు. అందుకే ఈ కథలు మన పిల్లలకు త్వరగా పట్టుబడతాయి.

ఆరు, ఏడు తరగతుల వారికి మేము ముందుగా ఇచ్చేది పీటర్ బ్రౌన్ రాసిన 'ది వైల్డ్ రోబో'. 2016లో వచ్చింది. 2024లో సినిమాగా కూడా వచ్చింది కాబట్టి మీలో కొందరు చూసే ఉంటారు. రాజ్ అనే రోబో ఉన్న పెట్టె ఓడ ప్రమాదంలో మనుషుల్లేని దీవికి కొట్టుకువస్తుంది. జంతువులు దాన్ని చూసి భయపడతాయి, రాక్షసి అంటాయి. అది గొడవ పడదు. కదలకుండా నిలబడి జంతువులు ఎలా అరుస్తాయో, ఎప్పుడెప్పుడు ఏ ధ్వని చేస్తాయో వింటుంది. అలా వాటి భాష నేర్చుకుంటుంది. తర్వాత ఒక బాతుపిల్లకు తల్లి అవుతుంది. సినిమా చూసినవాళ్లు కూడా పుస్తకం చదవండి. భాష నేర్చుకునే ఆ భాగం పుస్తకంలో నింపాదిగా సాగుతుంది. కొత్త బడిలో మొదటి వారమంతా ఏమీ మాట్లాడకుండా వింటూ కూర్చున్నవాళ్లకు రాజ్ చేసిన పని బాగా అర్థమవుతుంది.

రెండో కథ సత్యజిత్ రాయ్‌ది. పేరు 'బంకుబాబు స్నేహితుడు'. రాయ్ సినిమాలు తీసిన దర్శకుడిగానే చాలామందికి తెలుసు. ఆయన తాతగారు 1913లో పిల్లల కోసం 'సందేశ్' అనే బెంగాలీ పత్రిక మొదలుపెట్టారు. మధ్యలో ఆగిపోయిన ఆ పత్రికను రాయ్ 1961లో తిరిగి తెచ్చారు. ఈ కథ 1962లో అందులో వచ్చింది. బంకుబాబు ఒక పల్లెటూళ్లో భూగోళం చెప్పే మాస్టారు. చాలా మెత్తని మనిషి. సాయంత్రం పెద్దమనుషుల కబుర్ల గుంపుకు వెళితే అందరూ ఆయనను ఆట పట్టిస్తారు. ఆయన ఏమీ అనలేడు. ఒక రాత్రి ఇంటికి వస్తుంటే వెదురు పొదల మధ్య ఒక అంతరిక్ష నౌక దిగి ఉంటుంది. అందులోంచి దిగిన వేరే గ్రహం మనిషి చక్కటి బెంగాలీలో మాట్లాడతాడు. ప్రపంచ పటం మీద ఎన్నో దేశాలు పిల్లలకు చూపించిన బంకుబాబు తాను ఎక్కడికీ వెళ్లలేదు. ఆయనకు ఆ రాత్రి ఏం చూసే అదృష్టం కలిగిందో, మర్నాడు ఆ గుంపులో ఏం జరిగిందో మేము చెప్పం. కొత్త తరగతిలో తమ యాస విని ఎవరైనా నవ్వారని బాధపడే పిల్లలు ఈ కథ తప్పక చదవాలి.

రాయ్‌దే ప్రొఫెసర్ శొంకు కథల వరుస కూడా ఉంది. శొంకు ఇప్పటి జార్ఖండ్‌లోని గిరిడీలో ఉంటూ వింత వింత యంత్రాలు కనిపెడతాడు. ఆయన పిల్లి పేరు న్యూటన్. డైరీ రూపంలో ఉంటాయి కాబట్టి ఆ కథలు రోజుకొకటి చొప్పున చదువుకోవచ్చు. ఇంగ్లీషులోనూ దొరుకుతాయి.

ఒక కథ, మూడు భాషలు

ఇంట్లో అన్నయ్యవో అక్కయ్యవో పాత ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలుంటే ఒక తమాషా చేసి చూడండి. మొన్నమొన్నటి దాకా ఉన్న ఆరో తరగతి హిందీ పుస్తకం 'వసంత్'లో 'పార్ నజర్ కే' అనే కథ ఉంది. ఏడో తరగతి ఇంగ్లీషు ఉపవాచకం 'యాన్ ఏలియన్ హ్యాండ్'లో అదే పేరుతో మరో కథ ఉంది. రెండూ తెచ్చి పక్కపక్కన పెట్టి చదవండి. రెండూ ఒకటే కథ! హిందీలో కుర్రవాడి పేరు ఛోటూ, ఇంగ్లీషులో తిల్లూ. నేల కింద నివసించే జనం కథ అది. తండ్రి ఉద్యోగం చేసే చోటికి పిల్లలు వెళ్లకూడదు. ఒకరోజు తండ్రి నిద్రపోతుండగా ఆ కుర్రవాడు ఆయన కార్డు తీసుకుని అటు బయలుదేరతాడు. 'ప్రవేశం నిషిద్ధం' బోర్డు దాటి నాన్న ఏం చేస్తారో చూడాలని ఎన్నోసార్లు అనుకున్న పిల్లలకు ఈ కథ వేరే పరిచయం అక్కరలేదు.

దాని మూలం మరాఠీలో ఉంది. రాసినవారు జయంత్ విష్ణు నార్లికర్. ఆయన ప్రసిద్ధ ఖగోళ భౌతిక శాస్త్రవేత్త. 2025 మేలో కన్నుమూశారు. ఆయన గురించి మనం కొంచెం ఎక్కువ తెలుసుకోవాలి. నార్లికర్ పుట్టింది 1938లో కొల్హాపూర్‌లో. పెరిగింది మాత్రం బనారస్‌లో. తండ్రి అక్కడి హిందూ విశ్వవిద్యాలయంలో గణితం ప్రొఫెసరు. అంటే బయట హిందీ, ఇంట్లో మరాఠీ. తర్వాత కేంబ్రిడ్జిలో పై చదువులు, పరిశోధన. ఇలాంటి మనిషి ఇంగ్లీషులో మాత్రమే రాసి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోయేవారు కాదు. ఆయన కథలు మరాఠీలో రాశారు. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు పెట్టిన కథల పోటీకి కృష్ణబిలం మీద ఒక కథ పంపారు. తన పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని, పేరులోని పొడి అక్షరాలను తిరగేసి వేరే పేరుతో పంపారు. మొదటి బహుమతి దానికే వచ్చింది. తర్వాత ఆయన రాసుకున్న ఆత్మకథ పేరుకు తెలుగులో 'నాలుగు నగరాల్లో నా ప్రపంచం' అని అర్థం. బనారస్, కేంబ్రిడ్జి, ముంబయి, పుణె ఆ నాలుగు నగరాలు. దాన్నీ మరాఠీలోనే రాశారు, దానికి సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. సొంత రాష్ట్రానికి దూరంగా పెరిగితే అమ్మ భాష పోతుందని ఎవరైనా అంటే వారికి నార్లికర్ పేరు చెప్పండి.

పదకొండో తరగతి వారికి 'హార్న్‌బిల్'లో ఉన్న 'ది అడ్వెంచర్' కూడా ఆయనదే. 1761లో జరిగిన మూడో పానిపట్టు యుద్ధంలో మరాఠాలు గెలిచి ఉంటే ఏమయ్యేదన్నది అందులో ప్రశ్న. పరీక్ష కోసం ఒకసారి చదివేసి ఉంటారు. ఈసారి కథగా చదవండి.

రెండు రోజుల ఖాళీలో పుట్టిన దేశం

తొమ్మిది, పది తరగతుల వారికి ఒక చిన్న పుస్తకం, 'సుల్తానాస్ డ్రీమ్'. 1905లో రొకేయా సఖావత్ హుసేన్ రాశారు. ఆమె పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో. ఆడపిల్లలకు చదువు కూడదనే ఇంట్లో అన్నగారి సాయంతో ఇంగ్లీషు నేర్చుకున్నారు. భర్త భాగల్పూర్‌లో డిప్యూటీ మెజిస్ట్రేటు. ఆయన ఉద్యోగం మీద రెండు రోజులు క్యాంపుకు వెళ్లినప్పుడు, ఇంట్లో ఊసుపోక, తన ఇంగ్లీషును పరీక్షించుకుందామని ఆమె రాసిన కథ ఇది. క్యాంపులకు వెళ్లే ఉద్యోగుల ఇళ్లలో ఉండే ఆ ఖాళీ మనకు తెలియనిది కాదు.

అందులో ఒక దేశం ఉంది. అక్కడ రాజ్యం, చదువు, ప్రయోగశాలలు అన్నీ ఆడవాళ్లవే. మగవాళ్లు ఇంటి లోపలి గదుల్లో ఉంటారు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఒకటి మేఘాల నుంచి నేరుగా నీళ్లు తీసుకునే పద్ధతి కనిపెడుతుంది. మరొకటి సూర్యుడి వేడిని పట్టి నిలవచేస్తుంది. వంట దానితోనే చేసుకుంటారు. శత్రువు దండెత్తి వచ్చినా దానితోనే తరిమికొడతారు. నూట ఇరవై ఏళ్ల కిందట, సోలార్ పలకలు లేని రోజుల్లో, బడికి వెళ్లనివ్వని ఒక స్త్రీ ఇది ఊహించింది. కొత్త యంత్రాల గురించి రాస్తున్నట్టే రాసి, ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య ఎందుకు ఉంచారని ఆమె అడిగింది. సైన్స్ ఫిక్షన్ చేయగల పెద్ద పని ఇదే. ఇప్పుడున్న పద్ధతిని తలకిందులు చేసి చూపిస్తుంది. అప్పటి దాకా సహజమనుకున్నది వింతగా కనిపిస్తుంది.

దీనికి మన తెలుగుతో ఒక నిజమైన సంబంధం కూడా ఉంది. ఆ కథను అచ్చువేసింది మద్రాసు నుంచి వచ్చిన 'ఇండియన్ లేడీస్ మ్యాగజీన్'. 1901లో దాన్ని స్థాపించి నడిపిన కమలా సత్యనాథన్ తెలుగింటి ఆడపడుచు.

ఇదే తరగతుల వారికి ఐజాక్ అసిమోవ్ 1951లో రాసిన 'ది ఫన్ దే హాడ్' కూడా గుర్తుచేస్తున్నాం. ఏళ్ల తరబడి తొమ్మిదో తరగతి 'బీహైవ్'లో మొదటి పాఠం అది. 2157లో ఒక పాప ఇంట్లో యంత్రం దగ్గర ఒంటరిగా చదువుకుంటూ ఉంటుంది. ఆమె స్నేహితుడికి పాతకాలపు బడి గురించి ఒక అచ్చుపుస్తకం దొరుకుతుంది. ఆన్‌లైన్ తరగతుల రోజులు గుర్తున్నవాళ్లు దీన్ని ఇంకోసారి చదవండి.

మజిలీ మజిలీకీ ఒక కథ

ఇక తెలుగు. మజిలీ అంటే ప్రయాణంలో రాత్రికి ఆగే చోటు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' మన బదిలీ పిల్లల కోసమే రాశారా అనిపిస్తుంది. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచి వెళ్లాలనుకుంటాడు. తోడు ఎవరూ దొరకరు. చివరికి గోపుడనే పశువుల కాపరి ఒప్పుకుంటాడు, అదీ ఒక షరతు మీద. ప్రతి మజిలీలోనూ తనకు కథ చెప్పాలి. గోపుడు ఊళ్లోకి వెళ్లి ఏదో ఒక వింత చూసి వస్తాడు, "ఇదేమిటి స్వామీ?" అని అడుగుతాడు. దాని వెనకున్న కథను యతి చెబుతాడు. రాజకుమార్తెలు, మాంత్రికులు, శాపాలు, ఒక కథలోంచి మరో కథ. 1951 నాటి 'పాతాళభైరవి' సినిమా కథకు మూలం కూడా ఇందులోదే. మూలగ్రంథం పాత గ్రాంథిక భాషలో ఉంటుంది కాబట్టి, మీరు వాడుక భాషలో సంక్షిప్తం చేసిన పుస్తకాలతో మొదలుపెట్టండి. గోపుడి పద్ధతి మనమూ పాటించవచ్చు. కొత్త ఊళ్లో ఒక వింత చూడడం, దాని గురించి అక్కడివాళ్లను అడగడం. అడిగితే కథ చెప్పనివాళ్లు మాకు ఏ ఊళ్లోనూ కనిపించలేదు.

రెండోది 'చందమామ'. 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. తర్వాత పదికి పైగా భారతీయ భాషల్లో వచ్చింది. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం' లాంటి సీరియళ్లను ఒక తరం మొత్తం నెలనెలా ఎదురుచూసి చదివింది. చిత్రా వేసిన బొమ్మలతో అవి వచ్చేవి. అచ్చయినన్నాళ్లూ వాటి మీద రచయిత పేరే ఉండేది కాదు. పత్రిక ఇప్పుడు రావడం లేదు. కానీ అమ్మమ్మ, నాయనమ్మల ఇళ్లలో అటక మీద బైండు చేయించిన సంపుటాలు చాలాచోట్ల ఉన్నాయి. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు అడిగి చూడండి.

చదవడం నెమ్మదిగా వచ్చేవాళ్లకు మేము ఈ సీరియళ్లనే ఇస్తాం. కారణం చెబుతాం. వాక్యాలు చిన్నవి. ప్రతి పేజీలో బొమ్మ ఉంటుంది. ఒక్కో భాగం చివర ఎవరో ఒకరు ఆపదలో పడతారు. ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలనే ఆత్రంలో, గుణింతం కుదరడం లేదని పుస్తకం మూసేయరు. రోజుకు ఒక పేజీ, పైకి వినిపించేలా చదవండి. తెలియని మాట దగ్గర ఆగకుండా ముందుకు పోండి. పేజీ అయ్యాక వెనక్కి వచ్చి అడగండి. వారానికి ఒకసారి ఊళ్లో ఉన్న తాతయ్యకు ఫోన్‌లో ఒక పేజీ చదివి వినిపించండి. ఆయన తప్పులు దిద్దుతారు. దానికంటే ముఖ్యంగా, తర్వాతి పేజీ ఎప్పుడని అడుగుతారు.

పై తరగతుల వారికి

పదకొండు, పన్నెండు తరగతుల వారికి తెలుగులో మా మొదటి ఎంపిక విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ'. గుర్రపు తల, మనిషి శరీరం ఉన్న గంధర్వుడు లండన్‌లోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో వచ్చిపడతాడు. అది జంతువా, మనిషా అని ఆ దేశం వాళ్లు తలలు బద్దలుకొట్టుకుంటారు. తమకు తెలిసిందే జ్ఞానమనుకునేవాళ్ల మీద అది వేళాకోళం. ఆయనదే 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'లో పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటాడు. కొత్త భాష నేర్చుకోవడంలో ఎదురయ్యే సందేహాలన్నీ ఆయన అడుగుతాడు. ఈ రెంటినీ వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులోకి అనువదించారు. తెలుగు చదవడం కష్టమైన స్నేహితులకు ఆ అనువాదం చెప్పండి.

తమిళనాడులో చదివి వచ్చినవాళ్లు సుజాత 'ఎన్ ఇనియ ఇయందిరా' సంగతి వినే ఉంటారు. సుజాత అసలు పేరు రంగరాజన్. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా పనిచేశారు, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం తయారీలో పాలుపంచుకున్నారు. ఆ నవలలో జీనో అనే రోబో కుక్క పుస్తకాలు చదువుతుంది, తెలివిగా ఆలోచిస్తుంది.

ఆర్థర్ సి. క్లార్క్ ఇంగ్లండులో పుట్టి, 1956 నుంచి 2008లో చనిపోయే దాకా శ్రీలంకలో ఉన్నారు. ఆయన 1979 నవల 'ది ఫౌంటెన్స్ ఆఫ్ ప్యారడైజ్'లో శ్రీలంకను పోలిన దీవిలోని కొండ మీద నుంచి అంతరిక్షానికి లిఫ్టు కడతారు. భూమధ్యరేఖకు దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది, కింద నుంచి చూస్తే కదలనట్టే ఉంటుంది. ఆ లిఫ్టుకు ఆధారం అదే సూత్రం. మీ క్వార్టర్ మీదున్న డిష్ ఎప్పుడూ ఒకే వైపు చూస్తూ ఉండడానికి కారణం కూడా అదే.

ఇవేవీ దొరకకపోతే నేషనల్ బుక్ ట్రస్ట్ వారి 'ఇట్ హ్యాపెన్డ్ టుమారో' కోసం లైబ్రరీలో అడగండి. మన దేశ భాషల్లోని వైజ్ఞానిక కథలు ఆ ఒక్క పుస్తకంలో ఉన్నాయి. బాల్ ఫొండ్కే సంపాదకులు.

చదివింది చెప్పడం ఎలా

పుస్తకం చదవడం ఎంత ముఖ్యమో దాన్ని మరొకరికి చెప్పడమూ అంతే ముఖ్యం. "బాగుంది, చదువు" అంటే ఎవరూ చదవరు. పోస్టుకార్డంత కాగితం మీద నాలుగు సంగతులు రాసి తరగతి బోర్డుకు అంటించండి.

ఒకటి, కథ ఎక్కడ మొదలవుతుంది. మొదటి పది పేజీలను దాటి చెప్పవద్దు. రెండు, ఆ లోకంలో ఉన్న ముఖ్యమైన నియమం ఏమిటి. మూడు, ఇది ఎవరికి నచ్చుతుంది. 'అందరికీ' అని రాయకండి. 'యంత్రాలు విప్పి చూసేవాళ్లకు', 'భయపడడం ఇష్టమైనవాళ్లకు' అని రాయండి. నాలుగు, మీరు ఏ భాషలో చదివారు, ఇంకా ఏ భాషల్లో ఉంది. మన తరగతిలో ఆరేడు భాషల పిల్లలుంటారు కాబట్టి ఈ నాలుగోది మరచిపోకండి.

సగంలో ఆగిన పుస్తకానికి కూడా ఒక ఉపాయం ఉంది. బదిలీ ఖాయమైన రోజున నోటుపుస్తకం చివరి పేజీలో పుస్తకం పేరు, రచయిత పేరు, ఆగిన పేజీ సంఖ్య, అక్కడ ఎవరు ఏ ఆపదలో ఉన్నారో ఒక వాక్యం రాసుకోండి. కొత్త బడిలో చేరిన వారంలోనే ఆ పేజీ లైబ్రేరియన్‌కు చూపించండి. అక్కడ ఆ పుస్తకం లేకపోతే, పాత బడిలో ఉన్న స్నేహితురాలిని దాన్ని ఇంటికి తీసుకెళ్లి చదవమనండి. మిగతా కథ ఆమె మీకు ఫోన్‌లో వారానికి ఒక అధ్యాయం చొప్పున చెబుతుంది.

దీనివల్ల పుస్తకం పూర్తవడమే కాదు. ఊరు మారిన మొదటి నెలలో పాత స్నేహితులతో రోజూ కబుర్లుంటాయి. మూడో నెలకు తగ్గిపోతాయి. మీ కొత్త టీచర్లు వాళ్లకు తెలియరు, వాళ్ల కొత్త గొడవలు మీకు తెలియవు. చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఇద్దరూ ఒకే పుస్తకం చదువుతుంటే ఆ లోకం ఇద్దరికీ తెలిసినదే. అక్కడి మనుషుల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఇలా రెండు ఊళ్ల నుంచి ఒకే సీరియల్ చదువుతూ స్నేహం నిలుపుకున్న పిల్లలను మేము చూశాం.

చివరిగా ఒక మాట. సామాను సర్దేటప్పుడు లారీలో వేసే పెట్టెలన్నీ అమ్మానాన్నలు చూసుకుంటారు. మీ చేతి సంచి మాత్రం మీదే. అందులో నీళ్ల సీసా పక్కన ఒక తెలుగు పుస్తకానికి చోటుంచండి. రైలు కదిలాక మొదటి పేజీ తీయండి. కొత్త ఊరు వచ్చేసరికి మీరు ఎన్నో పేజీలో ఉన్నారో అక్కడి తెలుగు టీచరుకు చెప్పండి, తెలుగు టీచరు లేకపోతే మాకు రాయండి.